కుజుడి మీద కాపురమా? ముందు ఈ నవలలు చదవండి!

కుజుడు అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది కుజదోషం! పిల్ల నచ్చి, మాటలన్నీ కుదిరాక కూడా పంతులుగారు జాతకం విప్పి "కుజదోషం వుందండీ" అన్నారంటే సంబంధం అక్కడితో ఆగిపోవాల్సిందే. అలాంటి కుజుడి మీద ఏకంగా ఊరు కట్టి కాపురం పెడతామంటున్నారు ఎలాన్ మస్క్ లాంటి అమెరికా శ్రీమంతులు. మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? 2013 నవంబర్ 5న శ్రీహరికోటలో బయల్దేరిన మంగళయాన్, 2014 సెప్టెంబర్ 24న కుజుడి కక్ష్యలోకి చేరింది. అదీ మొదటి ప్రయత్నంలోనే!

మా హసన్‌పర్తి చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల కుర్రాళ్లు కనిపించినప్పుడల్లా అడుగుతుంటారు – "సార్, కుజుడి మీద మనుషులు స్థిరపడే నవలలు ఏవన్నా చెప్పండి" అని. వాళ్లకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

ముందు ఒక్క మాట. అక్కడి గాలి మన గాలి ఒత్తిడిలో నూరో వంతు కూడా వుండదు. అందులోనూ 95 శాతం బొగ్గుపులుసు వాయువే! చలి సగటున మైనస్ 60 డిగ్రీలు. పీల్చే గాలి, తాగే నీళ్లు మనిషే తయారు చేసుకోవాలి. మరి ఆ నీళ్ల చక్రం ఎవరి చేతిలో వుంటే మిగతావాళ్ల ప్రాణాలూ వాళ్ల చేతిలో వున్నట్టే కదా! కాబట్టి రాకెట్ల కోసం మాత్రమే ఈ నవలలు చదివితే సగం మజాయే. నీళ్లెవరివి, భూమెవరిది, పెత్తనమెవరిది – ఈ మూడూ అడుగుతూ చదవండి.

తొలి ప్రయాణానికి

కొత్తవాళ్లు ఆర్థర్ క్లార్క్ రాసిన 'ది శాండ్స్ ఆఫ్ మార్స్' (1951)తో మొదలుపెట్టండి. 1956 నుంచీ శ్రీలంకలోనే స్థిరపడిన పెద్దాయన ఈయన. ఇందులో కథానాయకుడు కూడా ఒక రచయితే! చూసిపోదామని వచ్చినవాడు, అక్కడివాళ్ల కష్టం చూశాక ఎటువైపు నిలబడాలో తేల్చుకోవలసి వస్తుంది. చదవడానికి తేలిక.

రే బ్రాడ్‌బరీ 'ది మార్షియన్ క్రానికల్స్' (1950) నిజానికి కథల మాల. సైన్సు తక్కువ, గుండె బరువు ఎక్కువ. వలస వచ్చినవాళ్ల వెంట వచ్చిన ఆటలమ్మ అక్కడివాళ్లను తుడిచిపెట్టేస్తుంది. చివర్లో ఒక తండ్రి పిల్లల్ని కాలవ గట్టుకు తీసుకెళ్లి కుజగ్రహవాసుల్ని చూపిస్తానంటాడు. ఎవర్ని చూపించాడంటారా? అది మాత్రం నేను చెప్పను!

అక్కడా రియల్ ఎస్టేటే!

ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ 'టోటల్ రీకాల్' (1990) చూశారు కదూ? గాలి ఆపేసి జనాన్ని లొంగదీసుకునే విలన్ గుర్తున్నాడా? ఆ సినిమాకు ఆధారం ఫిలిప్ కె. డిక్ కథ. ఆయనదే మరో నవల 'మార్షియన్ టైమ్-స్లిప్' (1964). ఇందులో పెద్దమనిషి ఎవరనుకున్నారు? నీటి కార్మికుల సంఘం నాయకుడు! నీళ్లు కరువైనచోట అతనే రాజు. ఏ కొండల కింద భూమికి ధర పెరగబోతోందో ముందే తెలుసుకోవాలని, భవిష్యత్తు చూడగల ఒక పసివాణ్ణి వాడుకోబోతాడు. రింగ్ రోడ్డు ఎటు పోతుందో ముందే కూపీ లాగే బ్రోకర్లను చూసిన మనకు ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు.

అసలు సిసలు మహానవల

ఒక్కటే చదువుతానంటే మాత్రం కిమ్ స్టాన్లీ రాబిన్సన్ 'రెడ్ మార్స్' (1992) అందుకోండి. తర్వాత 'గ్రీన్ మార్స్' (1993), 'బ్లూ మార్స్' (1996). నవలలో తొలి నూరుగురు బయల్దేరేది 2026లో! వాళ్లలో ఆన్ అనే ఆవిడ "ఈ గ్రహాన్ని వున్నదున్నట్టు వదిలేయండి" అంటుంది. శాక్స్ అనే శాస్త్రజ్ఞుడు "పచ్చగా మార్చేద్దాం" అంటాడు. ఇద్దరిదీ న్యాయమే. ఈలోగా భూమ్మీది పెద్ద కంపెనీలు దిగుతాయి. సంపద ఇటు, చెమట అటు! చివరికి అక్కడివాళ్లు తిరగబడతారు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న నినాదం విన్న ఓరుగల్లు గడ్డ మీద కూర్చుని చదువుతుంటే ఇది పరాయి గ్రహం కథ అనిపించలేదు నాకు. కొన్నిచోట్ల వర్ణనలు సాగదీస్తాడు. ఓపిక పట్టండి, ఫలితం దక్కుతుంది.

ఆలుగడ్డల హీరో

ఆండీ వీయర్ 'ది మార్షియన్'ను 2011లో ముందు తన సొంత వెబ్‌సైట్‌లోనే ఉచితంగా పెట్టాడు. 2015లో రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో మాట్ డామన్ హీరోగా సినిమా అయింది. ఒంటరిగా చిక్కుకుపోయినవాడు ఆలుగడ్డలు పండించి బతుకుతాడు. నవ్విస్తూనే ఉత్కంఠ పెంచే రచన. కాకపోతే 2008లో ఫీనిక్స్ నౌక అక్కడి మట్టిలో పర్‌క్లోరేట్ అనే విషలవణాలు వున్నాయని తేల్చింది. ముందు మట్టిని కడగాలి. దానికీ నీళ్లే కావాలి!

తెలుగులోనే కావాలా? డాక్టర్ చిత్తర్వు మధు గారి 'కుజుడి కోసం' వుంది. ఇంగ్లీషంటే జంకేవాళ్లు దీనితోనే మొదలుపెట్టవచ్చు.

గణపతిదేవుడి కాలంలో రామప్ప, పాఖాల చెరువులు కట్టినవాళ్ల పని గట్టు పోయడంతో అయిపోలేదు. ఏ పొలానికి ఎప్పుడు తూము ఎత్తాలో కూడా తేల్చుకోవలసి వచ్చింది. రేపు కుజుడి మీద ఊరు కట్టేవాళ్లలో మా హసన్‌పర్తి పిల్లలు వున్నా ఆశ్చర్యం లేదు. అక్కడికి చేరే లెక్కలు కాలేజీలో నేర్పుతారు. చేరాక తూము తాళంచెవి ఎవరి దగ్గర వుండాలో ఇప్పుడే ఆలోచించుకోవాలంటే ఈ నవలలు చదవాల్సిందే.