ఉద్యోగానికీ వాకబు కావాలి

పిల్లకు సంబంధం వచ్చిందంటే మనవాళ్ళు ఊరుకోరు. అబ్బాయి గుణమేమిటి, అత్తగారి నోరెలాంటిది, పొలం మీద అప్పున్నదా అని నాలుగిళ్ళు తిరిగి వాకబు చేస్తారు. అదే పిల్ల డిగ్రీ పూర్తిచేసి ఏ ఉద్యోగానికి వెళ్ళాలన్నప్పుడు మాత్రం, పక్కింటి కుర్రాడు ఏ కోర్సులో చేరితే ఆ కోర్సుకే ఫీజు కట్టేస్తారు. ఆ ఉద్యోగంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసే పనేమిటో తండ్రికీ తెలియదు, పిల్లకూ తెలియదు.

ఇలాటి వాకబుకు అమెరికాలో 'ఇన్ఫర్మేషనల్ ఇంటర్వ్యూ' అని పేరు. ఉద్యోగార్థుల కోసం 1970లో ఒక పుస్తకం సొంతంగా అచ్చువేసుకున్న రిచర్డ్ బోల్స్ దీనికి బాగా ప్రచారం తెచ్చాడు. ఇందులో ఉద్యోగం అడగరు. ఆ ఉద్యోగం చేస్తున్నవారిని దాని మంచిచెడ్డలు అడుగుతారు, అంతే. ఆ రోజుల్లో అయితే ఆఫీసు మెట్లెక్కాలి. ఇప్పుడు లింక్డ్‌ఇన్‌లో మన కాలేజీ పేరు వెతికితే చాలు, ఇక్కడ చదివినవారు ఎవరెక్కడ ఏం చేస్తున్నారో చాలావరకు కనిపిస్తుంది.

"మాకు పెద్దవాళ్ళెవరూ తెలియరండీ" అంటారు మా విద్యార్థులు. బాగా తెలిసినవారే కానక్కరలేదు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవారిని, "ఆ మనిషిని మీరెంత తరచుగా చూసేవారు?" అని మార్క్ గ్రానోవెట్టర్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు బోస్టన్ దగ్గర ఒక పట్టణంలో అడిగి, 1973లో లెక్క ప్రకటించాడు. తరచుగా చూసేవాళ్ళమన్నవారు నూటికి 17 మందే! మన చుట్టాలకు తెలిసిన సంగతి మనకు ముందే తెలుసు గదా. కొత్త కబురు దూరపువారి దగ్గరే ఉంటుంది.

ఇక ఉత్తరం సంగతి. "రెస్పెక్టెడ్ సర్, బయోడేటా జతపరిచాను, తగిన ఉద్యోగం ఇప్పించ ప్రార్థన" అని రాస్తే జవాబు రావడం కష్టం. చదివినాయన ఏం చెయ్యగలడు పాపం! కిందటేడు మా విద్యార్థిని ఒకమ్మాయి ఇలా రాసింది:

"నమస్కారమండీ. నేను మన కాలేజీలోనే బి.ఏ. పూర్తిచేశాను. మీరు సినిమాలకు సబ్‌టైటిల్సు రాస్తారని చూశాను. ఆ కోర్సుకు ఫీజు కట్టేముందు పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఉంది. వచ్చేవారం మీకు వీలైనప్పుడు ఒక్క ఇరవై నిమిషాలు మాట్లాడగలరా? ఉద్యోగం అడగడానికి కాదు."

వారం రోజులు జవాబు లేదు. మరొక్కసారి గుర్తుచేసింది. (అంతకుమించి గుర్తుచెయ్యకూడదు.) ఆయన ఒప్పుకున్నాడు.

జూమ్‌లో మాట్లాడుతుంటే పక్కనుంచి నాన్నగారు "జీతమెంతో అడుగు" అని అందిస్తూనే ఉన్నారట. పెద్దలు ఆ కాసేపూ వేరే గదిలో ఉంటే మంచిది. జీతం తెలుసుకోవలసిందే గాని, మీకెంత వస్తుందని గాక, కొత్తగా చేరినవారికి ఎంత ఇస్తారని అడగాలి. ఆ అమ్మాయి అడిగినవాటిలో నాకు బాగా నచ్చింది ఇది: "నిన్న పొద్దున్నుంచీ ఏం చేశారండీ?"

దానికే అసలు జవాబులు రాలాయి. మాట అందం కంటే, అది తెరమీద నిలిచే రెండు మూడు సెకన్లలో చదవగలిగేలా కుదించడమే పెద్ద పని అన్నాడాయన. తనకు నెలజీతం లేదు, నిమిషానికింత అని లెక్క. పనిలేని నెలలూ ఉంటాయి. తనను సర్టిఫికెట్ ఎవరూ అడగలేదట! ఒక సినిమా ముక్క ఇచ్చి పరీక్ష పెట్టారట. కోర్సు ఫీజు కోసం తాకట్టుకు వెళ్ళబోయిన వాళ్ళమ్మగారి గొలుసు ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మాయి ఇప్పుడు ఇంటి దగ్గరే సాధన చేస్తోంది.

అందరూ ఇంత మంచివారే తగులుతారని కాదు. ఉద్యోగం ఇప్పిస్తాను, ముందుగా ఇంత పంపమన్నవాడితో మాట అక్కడే ఆపెయ్యాలి. ఆధార్ కార్డు, బ్యాంకు ఖాతా వివరాలు ఎవరడిగినా ఇవ్వనక్కరలేదు.

సెలవు తీసుకునేముందు "ఇంకెవరితో మాట్లాడమంటారు?" అని అడగడం మరిచిపోకూడదు. మా అమ్మాయికి రెండు పేర్లు దొరికాయి, అందులో ఒకావిడ డల్లాస్‌లో ఉంటుంది. మనకు రాత్రి ఎనిమిదిన్నర అయితే అక్కడ ఎండాకాలంలో పొద్దున పది, చలికాలంలో తొమ్మిది. మార్చిలోనూ నవంబరులోనూ వాళ్ళు గడియారాలు మార్చుకుంటారు గనక, ఉత్తరంలో మన టైమూ వాళ్ళ టైమూ రెండూ రాయమని చెప్పాను.