వార్తల్లో పదం: బ్రెవే

గడువులోగా ముగించాల్సిన సుదూర సైకిల్ యాత్ర ఇది. ఎవరు ముందొచ్చారన్న లెక్కే లేదు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40. ఒకే ఏడాదిలో నాలుగూ తొక్కితే ‘సూపర్ రాండన్యూర్’. తిండి, పంక్చరు, దారి తప్పడం అన్నీ ఎవరికి వారే చూసుకోవాలి. వెనక వ్యాను రాకూడదు.

వీటన్నిటికీ పెద్దన్న ఫ్రాన్స్‌లోని పారిస్-బ్రెస్ట్-పారిస్. 1891లో పందెంగా మొదలై, ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతోంది. దాదాపు 1,200 కిలోమీటర్లు; గరిష్ఠ గడువు 90 గంటలు. నిద్ర కూడా ఆ గంటల్లోంచే! అందుకే రోడ్డు పక్క గడ్డిలో, హెల్మెట్ తీయకుండానే కునుకు తీసేవాళ్లు కనిపిస్తారు. మూడో రాత్రికి కొందరికి చెట్లు మనుషుల్లా అగుపిస్తాయి. సీటు ఒరిపిడికి పుండ్లు పడతాయి. హ్యాండిల్‌పై బరువు మోపీ మోపీ చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కి, చొక్కా గుండీ పెట్టుకోవడమూ కష్టమవుతుంది. అన్నిటికన్నా విచిత్రమైనది మెడ కండరాలు చేతులెత్తేసి తల నిలవకపోవడం. 1983లో అమెరికాను అడ్డంగా దాటే పోటీలో మైకేల్ షెర్మర్‌కు ఇలా జరగడంతో, ఆ బాధకు ఆయన పేరే స్థిరపడింది.

తర్వాతి పారిస్-బ్రెస్ట్-పారిస్ 2027లో. ఆ ఏడాది హైదరాబాద్‌లో తొక్కిన బ్రెవేలూ అర్హతకు చెల్లుతాయి.