పెంటగాన్ పెంచిన రెండు భాషలు

కంప్యూటర్‌కు పని చెప్పడానికి మనిషి రాసే ఆదేశాల భాష ప్రోగ్రామింగ్ భాష కాగా, ఆ ఆదేశాలను యంత్రం గ్రహించే సంకేతాలుగా మార్చే సాధనం కంపైలర్. అమెరికా రక్షణ శాఖ అండతో పుట్టిన కోబాల్, అడా భాషల చరిత్రను పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ భాష ఎంత దూరం వ్యాపించిందన్నది ఉత్తర్వు కాఠిన్యం కంటే కంపైలర్ ఎవరికి, ఎప్పుడు, ఎంత ధరకు అందిందన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడిందని తెలుస్తుంది.

1950ల చివర ఒక కంపెనీ యంత్రానికి రాసిన ప్రోగ్రాము మరో కంపెనీ యంత్రంపై నడిచేది కాదు కనుక, యంత్రం మారిన ప్రతిసారీ జీతాల లెక్కలనూ గిడ్డంగి పద్దులనూ మళ్లీ మొదటి నుంచి రాసుకోవలసి వచ్చేది. ఈ ఖర్చు భరించలేకే 1959 మే నెలలో తయారీదారులు, వాడకందారులు, అధికారులు రక్షణ శాఖ కార్యాలయమైన పెంటగాన్‌లో సమావేశమయ్యారు. గ్రేస్ హాపర్ రూపొందించిన ఫ్లో-మ్యాటిక్ భాష ఒరవడిలో, కూడమనడానికి ‘యాడ్’ వంటి మామూలు ఇంగ్లీషు క్రియలు వాడే కోబాల్ అక్కడి నిర్ణయాల నుంచే రూపు దిద్దుకుంది. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రాము స్వల్ప మార్పులతో ఆర్‌సీఏ, రెమింగ్టన్ రాండ్ యంత్రాలు రెండింటిపైనా నడిచింది. అనవసరమని తయారీదారు నిరూపిస్తే తప్ప, కోబాల్ కంపైలర్ లేని కంప్యూటర్‌ను కొనబోమని ప్రభుత్వం షరతు పెట్టింది. ఆ భారం అమ్మేవారిపై పడినందువల్ల కంపైలర్ యంత్రంతోపాటే బ్యాంకులకూ బీమా సంస్థలకూ చేరింది. ఆ సంస్థల పాత కోబాల్ ప్రోగ్రాములను 2000 సంవత్సరానికి సిద్ధం చేయవలసి వచ్చినప్పుడు హైదరాబాద్ యువకులు ఎందరో కోబాల్ నేర్చుకున్నారు.

అడా కథ వేరు. విమానాలు, క్షిపణుల లోపల పనిచేసే కంప్యూటర్లకు 450కి పైగా భాషలు, వాటి రూపాంతరాలు వాడుకలో ఉన్నాయని 1970లలో గుర్తించిన రక్షణ శాఖ, 1975లో ఒక బృందాన్ని నియమించింది. కొత్త భాషకు కావలసిన లక్షణాల పత్రాలకు గడ్డి, చెక్క, తగరం, ఇనుము, ఉక్కు మనుషుల పేర్లు పెట్టి, ముసాయిదా గట్టిపడేకొద్దీ పేరూ మారుస్తూ పోయారు. పోటీపడిన నాలుగు బృందాలను రంగుల పేర్లతోనే వ్యవహరించగా, 1979లో ఝాఁ ఇష్‌బియా బృందం రూపొందించిన ‘గ్రీన్’ గెలిచింది. గణితవేత్త అడా లవ్‌లేస్ పేరు పెట్టిన ఈ భాష ప్రమాణానికి ఆమె పుట్టిన సంవత్సరమైన 1815నే సంఖ్యగా ఇచ్చి, 1980లో ఆమె పుట్టినరోజైన డిసెంబరు 10న ఆమోదించారు.

భాషగా అడా గొప్పదనాన్ని తక్కువ చేయరాదు. ఎత్తునూ వేగాన్నీ వేర్వేరు రకాలుగా ప్రకటిస్తే, రెండూ సంఖ్యలే అయినా పొరపాటున కలిపి కూడిన చోట కంపైలర్ ప్రోగ్రామును తిరస్కరిస్తుంది; విమానంలో ఇటువంటి జాగ్రత్త ప్రాణాలు కాపాడుతుంది. అయితే భాషను కుదించి కొంత భాగమే అమలు చేయడానికి మొదట్లో అనుమతి లేదు. పరీక్షలో నెగ్గని కంపైలర్‌కు అడా అనే పేరు వాడుకునే హక్కూ లేదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయం రూపొందించి, 1983లో ధ్రువీకరణ పొందిన తొలి అడా అనువాదకం నిత్యవాడుకకు పనికిరానంత నెమ్మదిగా నడిచేది, తరువాత వచ్చిన కంపైలర్లు ఖరీదైనవి. ఆ ఏళ్లలోనే సీ భాష యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో కలిసి విశ్వవిద్యాలయాల్లో స్థిరపడింది. రక్షణ శాఖ పనులకు అడానే వాడాలన్న ఉత్తర్వు ప్రోగ్రాములు రాసేవారిపై పడింది కానీ, నేర్పేవారినీ సాధనాలు అమ్మేవారినీ కలుపుకోలేదు. 1991లో చట్టం బలం తోడైనా మినహాయింపులు కొనసాగాయి, 1997లో ఆ నిర్బంధాన్నే ఎత్తివేశారు.

ఉచితంగా దొరికే న్యాట్ కంపైలర్ 1990ల మధ్యలో గానీ రాలేదు. అయినా బోయింగ్ 777 సాఫ్ట్‌వేర్‌లో అధిక భాగం అడాలోనే రాశారు. ప్రోగ్రాములో కొన్ని తరగతుల దోషాలు లేవని గణితపరంగా రుజువు చేయడానికి వీలుగా అడాను కుదించి రూపొందించిన స్పార్క్‌ను, ఏ ఉత్తర్వూ లేకుండానే, బ్రిటన్ విమాన రాకపోకల నియంత్రణ వ్యవస్థకు ఎంచుకున్నారు.