అద్భుత కథలకు పుట్టినిల్లు

సికింద్రాబాదు చెంతనున్న సైనిక్‌పురిలో మా పొరుగింట నొక బాలుడు గలడు. ఒకనాటి సాయంకాలము వాడు ‘మాయాబజార్’ చిత్రమును చూచి, పరుగున మా వసారాలోనికి వచ్చి, “తాతగారూ! ఈ కథ వ్రాసినాయనకు మంత్రాలు వచ్చునా?” అని యడిగెను. “మంత్రములు కావు నాయనా! ఆయన యంత్రములను గూర్చి చదువుకొన్నవాడు” అని నేనంటిని. వాడు తెల్లబోయెను. బాలలారా! నేను పరిహాసమునకు అట్లనలేదు. ఆ మాటలో నున్న నిజమును ఈ పాఠమున తెలిసికొందము.

ఆ రచయిత పింగళి నాగేంద్రరావుగారు. వారు 1901వ సంవత్సరమున ఉత్తరాంధ్రమందలి రాజాములో జన్మించిరి. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో యంత్రవిద్య నభ్యసించిరి. పిమ్మట ఖరగ్‌పూరులో రైల్వే ఉద్యోగము చేసిరి. వంగదేశపు ద్విజేంద్రలాల్ రాయ్ నాటకములను తెనిగించిరి. ముట్నూరి కృష్ణారావుగారు సంపాదకులుగా నున్న ‘కృష్ణాపత్రిక’లో పనిచేసిరి, ‘వింధ్యరాణి’ మున్నగు నాటకములను రచించిరి. చలనచిత్రములవలన వారికి గొప్ప ఖ్యాతి వచ్చునప్పటికి వయస్సు ఏబదికి చేరువైనది. అనగా ఆ అద్భుతముల వెనుక పెక్కేండ్ల చదువును, లోకానుభవమును గలవు.

అద్భుతకథ యనగా లేనిదానిని చెప్పుటయే గదా, దానికి చదువేల యని కొందరందురు. ఇది పొరపాటు. లేని యింటిని కట్టుటకైనను ఉన్న ఇటుకలే కావలెను. ఆ యిటుకలు నాగేంద్రరావుగారికి ఎచట లభించినవో చూడుడు.

మొదటిది పూర్వకథల పరిచయము. 1949వ సంవత్సరమున వచ్చిన ‘గుణసుందరి కథ’కు మూలము ఆంగ్లకవి షేక్‌స్పియరు రచించిన లియర్ రాజు నాటకము. 1951వ సంవత్సరపు ‘పాతాళభైరవి’కి మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ ప్రేరణ. ‘మాయాబజార్’కు ఆధారమైన శశిరేఖా పరిణయము వ్యాసభారతమున లేదు, అది జనుల నోట పెరిగిన కథ. పరదేశపు నాటకమును, మజిలీ కథను, జానపదుల ముచ్చటను సమానముగా ఆదరించిన పాఠకునకే ఇట్టి సామగ్రి సమకూడును.

రెండవది భాషాజ్ఞానము. ‘అస్మదీయులు’ అనగా మనవారని అర్థము. రాక్షసులకు సంయుక్తాక్షరములు నోట తిరుగవు గనుక వారు ‘అసమదీయులు’ అందురు. దానికి ఎదురుగా ‘తసమదీయులు’ అను మాట పుట్టినది. ‘దుష్టచతుష్టయము’ అట్లే ‘దుషటచతుషటయము’ అయినది. విని మనము నవ్వుదుము. కాని పరికింపుడు: హల్లుల కూడికను విడదీసి నడుమ అకారమును నిలుపుట ఒక నియమము. తప్పు పలుకుటలో సయితము ఒక వ్యాకరణము గలదు! సరియైన రూపమును చక్కగా నెఱిగినవాడే దానిని ఇంత ముచ్చటగా చెడగొట్టగలడు.

మూడవది వస్తువుల నడకను గూర్చిన ఆలోచన. కంబళినిబట్టి ‘గింబళి’, తల్పమునుబట్టి ‘గిల్పము’ అని పేర్లు పెట్టి ఊరకుండలేదు. గిల్పము తనపై పరుండినవానిని క్రింద పడద్రోయును. ఇక ‘ప్రియదర్శిని’ పేటికను తెరచినవారికి తమకు మిక్కిలి ప్రియమైనది కనబడును. శశిరేఖకు అభిమన్యుడు, ఆమె తల్లి రేవతికి నగలు కనబడును. మన దేశమున దూరదర్శన ప్రసారములు 1959వ సంవత్సరమున మొదలైనవి. ఈ చిత్రము 1957లోనే వచ్చినది. ప్రతి వింత వస్తువునకు ఒక పని, ఆ పనికి ఒక నియమము ఉండుటలో యంత్రవిద్య చదివిన మనస్సు కానవచ్చునని నాకు తోచును.

ఇతర దేశములందును ఇట్లే జరిగినది. ఆలిస్ అను బాలిక వింతలోకయాత్రను 1865లో వెలువరించిన లూయీ కారల్ ఆక్స్‌ఫర్డున గణితోపాధ్యాయుడు. 1937లో ‘హాబిట్’ కథను ప్రకటించిన టోల్కీను అచటనే ప్రాచీనాంగ్ల భాషకు ఆచార్యుడు. ఆయన కొత్త భాషలను కల్పించి, వానిని మాటలాడు జాతులకు కథలల్లెను. 1916లో సోమ్ యుద్ధరంగమున సైనికుడై నిలిచినవాడు గనుక భయమును, స్నేహమును స్వయముగా నెఱుగును.

ఇచట నా తప్పు నొకదానిని చెప్పవలెను. నేను పంతులుగా నున్న దినములలో ఒక బాలుడు నిఘంటువున లేని మాట నొకదానిని కల్పించి వ్యాసమున వ్రాసెను. నేను దానిపై ఎఱ్ఱగీత గీసి, తరగతి యెదుట వానిని మందలించితిని. ఆ మాట ఎట్లు పుట్టినదని అడుగనైతిని. వాడు మరల నట్టి మాట వ్రాయలేదు. అందులకు నేడును విచారించుచున్నాను. నేర్పవలసినది నేర్పుటతోపాటు, నేర్చినదానితో ఆడుకొననిచ్చుట కూడ గురువు ధర్మమని నాకు ఆలస్యముగా తెలిసినది.

మా పొరుగు బాలుడు అంతయు విని, “అయితే వ్యాకరణం చదివితే నేనూ మాటలు పుట్టించవచ్చునా?” అని యడిగెను. “చదువుము, పుట్టించుము, మొదట నాకే చూపుము” అంటిని. బాలలారా! మీకును నా మాట ఇదియే.