ఏథెన్స్ పిల్లాడి వెనకాల నడిచే మనిషి



గత నెల ఆరో తరగతిలో ప్రాచీన గ్రీస్ పాఠం మొదలుపెట్టాం. రెండో రోజు సాయంత్రమే క్లాస్ గ్రూప్‌లో ఒక అమ్మగారి మెసేజ్ వచ్చింది. "మేడమ్, పాప ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ బానిసల గురించే అడుగుతోంది. ఈ వయసుకి ఇవన్నీ అవసరమా? పరీక్షకి యుద్ధాలు, తేదీలు వస్తే చాలు కదా!" అడగాల్సిన ప్రశ్నే. కానీ గ్రూప్‌లో రెండు లైన్లలో జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నాను.

యుద్ధాలు ఎక్కడికీ పోవు. మారథాన్ క్రీ.పూ. 490, సలామిస్ క్రీ.పూ. 480. వాటి వర్క్‌షీట్ వచ్చే వారం ఇస్తాం. నేను మాత్రం పాఠాన్ని ఒక పానపాత్ర ఫోటోతో మొదలుపెట్టాను. క్రీ.పూ. 5వ శతాబ్దం తొలి రోజుల్లో దూరిస్ అనే చిత్రకారుడు దాని మీద స్కూలు బొమ్మ గీశాడు. అది ఇప్పుడు బెర్లిన్ మ్యూజియంలో ఉంది. స్మార్ట్ బోర్డు మీద పెట్టి, "ఏం కనిపిస్తోందో చెప్పండి" అన్నాను, అంతే. గోడకి వేలాడే లైర్ వాద్యాలు, జంట పిల్లనగ్రోవి ఊదుతున్న సార్, విప్పి పట్టుకున్న పపైరస్ చుట్ట. ఇంతలో వెనక బెంచీ నుంచి ఒకటే అరుపు: "మేడమ్, ల్యాప్‌టాప్!"

నిజంగానే ల్యాప్‌టాప్‌లా ఉంటుంది. అది మడత పలక. చెక్క పలకల్లో మైనం పోసి, మొనదేలిన పుల్లతో దాని మీద రాసేవారు. పుల్ల రెండో చివర చదునుగా ఉంటుంది. తప్పు రాస్తే దాంతో మైనాన్ని సాపు చేసి మళ్ళీ రాయొచ్చు. మన చిన్నప్పటి పలకా బలపం గుర్తొచ్చాయా?

ఏథెన్స్‌లో ప్రభుత్వ బడులు లేవు. మగపిల్లల్ని ఏడేళ్ళ వయసులో ఫీజు కట్టి చేర్పించేవారు. చదవడం, రాయడం, లెక్కలు ఒక టీచర్ దగ్గర, సంగీతం ఇంకొకరి దగ్గర, కుస్తీ మరొకరి దగ్గర. డబ్బున్నవాళ్ళ పిల్లలు అందరికంటే ముందు చేరి, అందరికంటే ఆలస్యంగా చదువు ముగిస్తారని ప్లేటో రాశాడు. హోమర్ కావ్యాలు కంఠస్థం చేయించేవారు. నికెరాటస్ అనే ఆయన, వాళ్ళ నాన్న పట్టుబట్టి నేర్పించడం వల్ల ఇలియడ్, ఒడిస్సీ రెండూ తనకి మొత్తం నోటికి వచ్చని చెప్పుకున్నట్టు జెనోఫోన్ రాశాడు. (పన్నెండో ఎక్కం దగ్గర ఆగిపోయే మా సెక్షన్ వాళ్ళకి ఈ సంగతి కొంచెం గట్టిగానే చెప్పాను.)

ఫీజుల గోల అప్పుడూ ఉంది. అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ ఒక పిసినారి తండ్రిని వర్ణిస్తాడు. పిల్లలకి జబ్బు చేసి బడికి పోకపోతే, పోని రోజులకి ఫీజులో కోత పెడతాడట. పండగలు ఎక్కువున్న నెలలో అసలు బడికే పంపడట, ఫీజు దండగని! తెల్లవారకముందు బడి తెరవకూడదు, పొద్దు గూకేలోపు మూసేయాలి అని ఒక పాత చట్టం ఉందని క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఎస్కినీస్ కోర్టులో చెప్పాడు. ఇది విని మా పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎందుకో మీకు తెలుసు. ఇక టీచర్లకి పెద్ద గౌరవం ఉండేదని అనుకోకండి. ఆ ఎస్కినీస్‌నే ఎద్దేవా చేస్తూ డెమోస్తనీస్, "నువ్వు మీ నాన్న బళ్ళో సిరా నూరి బెంచీలు తుడిచినవాడివి" అన్న అర్థంలో మాట్లాడాడు.

ఇక అసలు విషయం. ఆ పాత్ర మీద ఓ పక్కగా, చేతికర్ర పట్టుకుని ఒక గడ్డం మనిషి కూర్చుని ఉంటాడు. పాఠం చెప్పడు, నేర్చుకోడు. పిల్లలు ముందు ఆయన్ని ప్రిన్సిపాల్ అనుకున్నారు. చాలామంది పండితుల ప్రకారం ఆయన పైడగోగోస్. పైస్ అంటే పిల్లాడు, అగోగోస్ అంటే వెంట తీసుకెళ్ళేవాడు. ఆయన పని పిల్లాడిని ఇంటి నుంచి బడికి తీసుకెళ్ళడం, సామాన్లు మోయడం, దారిలో కాపలా కాయడం, మర్యాద నేర్పడం, మళ్ళీ ఇంటికి చేర్చడం. ఆయన ఆ ఇంటి బానిస. బీఈడీలో నేను పెడగాగీ పేపర్ రాసి పాసయ్యాను. ఆ మాట ఈయన పేరు నుంచే వచ్చిందని మాత్రం ఈ పాఠం తయారు చేసుకుంటున్నప్పుడే తెలిసింది.

అల్సిబియడీస్‌కి పెరిక్లీస్ జోపైరస్ అనే థ్రేస్ దేశస్థుణ్ణి ఇలా నియమించాడు. ముసలివాడై ఇంట్లో ఇంకే పనికీ పనికిరాడు కాబట్టి ఇచ్చాడని ప్లేటో పేరుతో ఉన్న ఒక సంభాషణలో ఉంది. లైసిస్ అనే ఇంకో సంభాషణలో, పిల్లాడిని పైడగోగోస్ అదుపులో పెడతాడని తెలిసి, స్వేచ్ఛ ఉన్నవాడిని బానిస ఏలడం వింతగా ఉందే అంటాడు సోక్రటీస్. చివర్లో ఆ బానిసలు వచ్చి, సరిగ్గా పలకని గ్రీకులో, ఇంటికి పదండని కేకలేస్తారు.

అప్పుడే మా క్లాసులో ఒక పాప లేచింది. "మేడమ్, అంటే మన బస్సులో ఆయమ్మ లాగానా?"

ఒక్క క్షణం ఏం చెప్పాలో తోచలేదు. తర్వాత బోర్డు మీద గీత గీసి రెండు వైపులా రాయమన్నాను. ఆయమ్మకి జీతం ఉంది, సెలవు ఉంది, నచ్చకపోతే మానేయొచ్చు, ఆమె పిల్లలు ఆమె పిల్లలే. బానిసకి ఇవేవీ లేవు. యజమాని అమ్మేయొచ్చు, పుట్టిన బిడ్డ కూడా బానిసే. తేడా బాగానే తెలిసింది. ఆ తర్వాత నేనే, "ఆయమ్మ పేరు ఎంతమందికి తెలుసు?" అన్నాను. ముప్పై ఎనిమిది మందిలో నాలుగు చేతులు లేచాయి. నా చెయ్యి లేవలేదు.

ఇంకో బాబు అడిగాడు: "ఆ ముసలాయన రోజూ క్లాసులో కూర్చుంటాడు కదా, ఆయనకీ హోమర్ వచ్చేసి ఉంటుందా?" వచ్చే ఉండొచ్చు. కానీ ఆ కాలం నుంచి మనకి దొరికిన పుస్తకాలు దాదాపు అన్నీ స్వేచ్ఛ ఉన్న మగవాళ్ళు రాసినవే. ఆయన మాటగా మనకేమీ మిగల్లేదు.

పాత్ర మీద అమ్మాయిలు లేరని కూడా పిల్లలే కనిపెట్టారు. ఏథెన్స్ అమ్మాయిలకి ఊలు వడకడం, నేయడం ఇంట్లోనే నేర్పేవారు. జెనోఫోన్ పుస్తకంలో ఒక భర్త, పెళ్ళినాటికి తన భార్యకి ఇంకా పదిహేనేళ్ళు నిండలేదని చెబుతాడు. చదువుతున్న స్త్రీల బొమ్మలు కొన్ని కుండల మీద ఉన్నాయి కాబట్టి ఎవరికీ అక్షరాలు రావని చెప్పలేం. స్పార్టాలో అయితే అమ్మాయిలతో పరుగు, కుస్తీ చేయించేవారు.

ఆ అమ్మగారికి నా జవాబు ఇది. పాప ఇంట్లో అడిగితే "వాళ్ళు చెడ్డవాళ్ళు" అని గానీ, "అప్పట్లో అంతేలే" అని గానీ తేల్చేయకండి. రెండోది నిజం కూడా కాదు. బానిసత్వాన్ని సమర్థించిన అరిస్టాటిల్ తానే, అది ప్రకృతికి విరుద్ధమని, మనుషులు పెట్టుకున్న కట్టుబాటు మాత్రమేనని కొందరు అంటున్నారని రాశాడు. అంటే ఆ రోజుల్లోనూ వాదించినవాళ్ళు ఉన్నారు. "నువ్వక్కడ ఉంటే ఏమనేదానివి?" అని అడిగి, పాప చెప్పేది పూర్తిగా వినండి. ఈ పాఠానికి పరీక్షలో నాలుగు మార్కులే, అది నిజమే.

వచ్చే శుక్రవారం క్లాసులో మైనపు పలకలు చేస్తున్నాం. పాత అట్టపెట్టె మూత ఒకటి, మిగిలిపోయిన కొవ్వొత్తి ముక్కలు కొన్ని పంపండి. మైనం కరిగించే పని మేమే చూసుకుంటాం, దయచేసి ఇంట్లో స్టవ్ మీద పెట్టకండి.