మిల్లు బండల మీద మూడు రోజుల నడక

పోయిన ఏడాది జూన్ నెలలో నేను ఇంగ్లండులో మూడు రోజులు కొండల మీద, బురదల్లో నడిచాను. అంతా కలిపి 68 కిలోమీటర్ల దాకా అయింది. నాకు 66 ఏళ్ళు. ఆ దారిని పెన్నైన్ వే అంటారు. మొత్తం దారి 268 మైళ్ళు, అంటే 430 కిలోమీటర్ల పైచిలుకు. నేను నడిచింది దాంట్లో ఆరో వంతు కూడా కాదు. కుర్రవాళ్ళు మొత్తం నడుస్తారు, రెండు మూడు వారాలు పడుతుంది. మరి ఈ కొంచెం నడకకు మన పత్రికలో రాయడం ఎందుకు అంటే, ఆ కొండల మీద నా కాళ్ళ కింద ఉన్నది మిల్లు నేల. ఎట్లాగో చెప్తాను.

ముందు మా ఇంటి ముందు బండ సంగతి చెప్పాలి. సోలాపూర్‌లో ఒక బట్టల మిల్లులో, వీవింగ్ ఖాతాలో నేను 19 ఏళ్ళు పని చేశాను. మిల్లు మూతపడినాక సాంచాలను భంగార్ వాళ్ళు తూకానికి కొనుక్కుపోయారు. ఆ తరువాత నేల మీది షాబాదు బండలు కూడా పెకిలించి ట్రాక్టర్లలో వేసుకుపోయారు. నేను ఒక బండ కొన్నాను. ఇప్పటికీ మా ఇంట్లో బట్టలు ఉతికేది దాని మీదనే. ఒక మూలకు సాంచా కాలు బిగించిన బోల్టు రంధ్రం ఉన్నది. మాకు రావలసిన బాకీ కొంత వచ్చింది, కొంత రాలేదు. పక్క సాంచా మీద పని చేసిన నా జోడీదారు ఆ కాగితాలు పట్టుకొని కోర్టుకు తిరిగి తిరిగి, పైసలు చూడకుండానే పోయాడు.

మా చిన్నబిడ్డ నర్సు. పెండ్లి అయినాక అల్లుడు, తను మాంచెస్టర్ దగ్గర ఉంటున్నారు. రెండు నెలలు ఉండిపొమ్మని నన్ను పిలిపించారు. ఇంట్లో కూర్చుంటే నాకు తోచదు. అల్లుడు సెలవు రోజున కొండలకు నడవడానికి పోతాడు. ఒకనాడు తన ఫోనులో ఒక ఫోటో చూపించి, “మామా, ఈ దారిలో పరిచిన బండలు పాత కాటన్ మిల్లులవి” అన్నాడు. “నేను వస్తా” అన్నా.

మా బిడ్డ ఒప్పుకోలేదు. “నాయినా, రెండు అంతస్తులు ఎక్కితేనే నీకు దమ్ము వస్తది. కొండ ఎట్ల ఎక్కుతవు?” అన్నది. మాట నిజమే. దూది నూగు, గంజి పొడి అన్నేళ్ళు పీల్చినవాళ్ళం. చివరికి మూడు రోజులే నడవాలి, ఆయాసం ఎక్కువైతే ఎక్కడ రోడ్డు తగిలితే అక్కడ దిగిపోవాలి అని షరతు పెట్టి పంపింది. సంచిలో కడక్ భాకరీలు, శేంగా చట్నీ పెట్టింది. కడక్ భాకరీ ఎన్ని రోజులున్నా చెడిపోదు గదా, ఇటువంటి నడకకు దాన్ని మించింది లేదు.

ఆదివారం కొండ

మాంచెస్టర్ నుంచి రైలెక్కితే గంట లోపల ఈడేల్ అనే చిన్న ఊరు వస్తుంది. పెన్నైన్ వే అక్కడ మొదలై, స్కాట్లండు సరిహద్దు దాటి కిర్క్ యెథమ్ అనే ఊళ్ళో ముగుస్తుంది. మొదటి రోజు ఎక్కే కొండ పేరు కిండర్ స్కౌట్. ఎత్తు 636 మీటర్లు. ఎత్తు పెద్దది కాదు గాని పైన శిఖరం ఉండదు, బల్లపరుపుగా నల్లని బురద నేల ఉంటుంది. ఒక చోట నీళ్ళు అంచు మీదుగా కిందికి దూకుతాయి. పడమటి గాలి గట్టిగా కొట్టినప్పుడు ఆ నీళ్ళు కిందికి పడకుండా పైకి ఎగిరి మన మొహం మీద పడతాయి.

ఈ కొండకు ఒక చరిత్ర ఉన్నది. ఇటు మాంచెస్టర్, అటు షెఫీల్డ్, రెండూ కార్ఖానా ఊళ్ళు. వారమంతా పొగలో పనిచేసే కూలీలకు ఆదివారం గాలి పీల్చుకోవడానికి దగ్గరగా ఉన్నవి ఈ కొండలే. కానీ కొండలు జమీందార్లవి. గ్రౌజ్ అనే అడవికోడిలాంటి పిట్టను వేటాడడానికి వాటిని దాచుకున్నారు. ఎవరైనా అడుగు పెడితే కాపలావాళ్ళు కర్రలతో తరిమేవారు. 1932 ఏప్రిల్ 24న, ఆదివారం, నాలుగు వందల మంది దాకా యువతీయువకులు కలిసి, మేం ఎక్కుతాం, ఏం చేస్తారో చేయండి అని ఈ కొండ ఎక్కారు. ముందు నిలబడినవాడు బెన్నీ రాత్‌మన్, 20 ఏళ్ళ మోటారు మెకానిక్. కాపలావాళ్ళతో తోపులాట జరిగింది. ఆరుగురిని పట్టుకున్నారు. ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల దాకా జైలు పడింది. రాత్‌మన్‌కు నాలుగు నెలలు.

ఆ శిక్షలు చూసి జనానికి కోపం వచ్చింది. కొండలు అందరికీ తెరవాలన్న మాట పెరిగింది. 1949లో చట్టం వచ్చింది. 1951లో ఈ ప్రాంతమే ఆ దేశంలో మొదటి నేషనల్ పార్కు అయింది.

ఈ దారి ఆలోచన టామ్ స్టీఫెన్సన్‌ది. లాంకషైర్‌లో పుట్టినవాడు. పదమూడో ఏట బడి మానేసి బట్టకు అచ్చువేసే కార్ఖానాలో పనికి పోయాడు. మనలాంటి వాడే. తరువాత పత్రికల్లో రాశాడు. దేశం వెన్నెముకలాంటి ఈ కొండల మీద పొడవునా ఒక నడక దారి కావాలని 1935లో రాశాడు. దారి పూర్తయి తెరిచింది 1965 ఏప్రిల్ 24న. అంటే ముప్ఫై ఏళ్ళు పట్టింది. తెరిచే నాటికి ఆయనకు డెబ్బై దాటాయి. కోర్టులో మన కాగితాల సంగతి గుర్తొచ్చి, ఆ ముప్ఫై ఏళ్ళ లెక్క నాకు బాగా మనసుకు పట్టింది.

బురద ఎట్లాంటిదంటే

ఆ బురదను పీట్ అంటారు. మన నల్లరేగడి వేరు, ఇది వేరు. అక్కడ స్ఫాగ్నమ్ అనే నాచు పెరుగుతుంది. చలికి, నీటికి అది పూర్తిగా కుళ్ళదు. పాతది అడుగున నల్లగా అణిగిపోతుంది, పైన కొత్తది పెరుగుతుంది. ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరిగితే గొప్ప. ఒక మీటరు లోతు కావాలంటే వెయ్యి ఏళ్ళు. కొన్ని చోట్ల మూడు నాలుగు మీటర్ల లోతు ఉంటుంది. నీళ్ళు తాగిన పరుపు మీద నడిచినట్టు కాలు ఊగుతుంది.

ఆ నేలను పాడుచేసింది కూడా మిల్లులే. నూరేళ్ళకు పైగా మాంచెస్టర్ చుట్టుపక్కల చిమ్నీల మసి, గంధకం పొగ గాలికి వచ్చి ఈ కొండల మీద పడింది. నాచు చచ్చిపోయింది. పైన కప్పు పోతే వానకు, గాలికి పీట్ కొట్టుకుపోయింది. తరువాత వేల మంది నడిచేసరికి దారి వెడల్పై పొలమంత బురద అయింది. అందుకని బండలు పరిచారు. ఎక్కువ పని 1990ల్లో జరిగింది. లాంకషైర్‌లో కూలగొట్టిన పాత మిల్లుల నేల బండలను హెలికాప్టర్లకు వేలాడదీసి కొండ మీదికి తెచ్చారు. 2003 నుంచి నాచును మళ్ళీ నాటుతున్నారు, నీళ్ళు పారిపోకుండా కాలువలకు అడ్డుకట్టలు వేస్తున్నారు.

కిండర్ దాటి దిగినాక మిల్ హిల్ నుంచి ఆ బండలు మొదలయ్యాయి. ఒకదాని వెనుక ఒకటి, గజం వెడల్పున, కంటికి కనిపించినంత దూరం. నేను తల వంచుకొని వెతుక్కుంటూ నడిచాను. అల్లుడు, “ఏమన్న పడిపోయిందా మామా?” అన్నాడు. కొంత దూరం పోయినాక దొరికింది. ఒక బండకు గుండ్రని రంధ్రం, దాని చుట్టూ ఇనుము తుప్పు మరక. నేను కింద కూర్చొని దాంట్లో వేలు పెట్టాను. లోపల వాన నీళ్ళు ఉన్నాయి. ఏ మిల్లుదో, దాని మీద ఎవరు నిలబడి పాళీలు చేశారో. మా ఇంటి బండ రంధ్రమూ అంతే ఉంటుంది.

ఆ రెండు పక్కలా తెల్లగా పూసింది పత్తి గడ్డి. పేరుకు పత్తే. చిదిపి చూశాను. పోగు పొట్టిది, పెళుసు. వడికితే తెగిపోతుంది. దిండ్లలో కుక్కుకోవడానికి, దీపానికి వత్తి చేసుకోవడానికి వాడేవారట.

నేను కూరుకుపోయిన సంగతి

సాయంత్రం బ్లీక్‌లో అనే కొండ మీద మంచు కమ్మింది. పది గజాల అవతల కనబడదు. అక్కడ అన్ని చోట్లా బండలు లేవు. ఒక చోట పచ్చగా, మెత్తగా, చాప పరిచినట్టు ఉంటే గట్టి నేల అనుకొని కాలు వేశాను. తొడ దాకా దిగిపోయింది. లాగుతుంటే రెండో కాలు దిగుతున్నది. దమ్ము అందలేదు. ఎదను ఎవరో తొక్కినట్టయింది. బిడ్డ మాట విననందుకు ఇక్కడనే అయిపోతానేమో అనుకున్నా.

అల్లుడు, “కొట్టుకోకండి మామా, ముందుకు వాలి పడుకోండి” అన్నాడు. పడుకున్నా. బరువు పరుచుకునేసరికి దిగడం ఆగింది. తను చేతికర్ర అందించి, కొంచెం కొంచెంగా లాగాడు. బూటు లోపలనే ఉండిపోతే చెయ్యి పెట్టి తీశాడు. ఇద్దరం నల్లగా బొగ్గు దుకాణంలో పనివాళ్ళ లాగా అయ్యాం. పది నిమిషాలు కూర్చున్నాక దమ్ము కుదిరింది. ఆ కొండల్లో పచ్చగా మెరిసే చోట కాలు పెట్టకూడదని నాకు అట్లా తెలిసింది.

రాత్రి క్రౌడెన్ దగ్గర గుడారంలో పడుకున్నాం. మా బిడ్డ ఫోను చేసింది. అల్లుడు సంగతి దాచలేదు. “రేపు పొద్దున్నే కారు తెస్తా, వచ్చేయి నాయినా” అన్నది. నాకు జోడీదారు గుర్తొచ్చాడు. తారీఖు మీద తారీఖు పడుతుంటే చాలామందిమి విసిగి మానుకున్నాం. వాడు ఒక్కడే పోతూ ఉండేవాడు. “కాలు మంచిగనే ఉన్నది బిడ్డా. పొద్దున దమ్ము బాగుంటే నడుస్త, లేకుంటే నేనే పిలుస్త” అన్నా. పొద్దున దమ్ము బాగానే ఉంది.

టీ బండి దగ్గర ముసలమ్మ

రెండో రోజు బ్లాక్ హిల్ దాటాం. దాని ఎత్తు 582 మీటర్లు. పేరుకు తగ్గట్టు ఒకప్పుడు పైన గడ్డిపోచ కూడా లేకుండా నల్లగా ఉండేది. వెయిన్‌రైట్ అని నడక పుస్తకాలు రాసిన పెద్దమనిషి కూడా అక్కడ కూరుకుపోతే లాగి తీశారట. అది విని నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఇప్పుడు ఆ కొండ పచ్చబడింది.

కొండ దిగినాక రోడ్డు పక్కన టీ బండి ఉన్నది. అక్కడ ఒక ముసలమ్మ తన కుక్కతో కూర్చొని ఉంది. నేను మిల్లులో పని చేశానని అల్లుడు చెప్పాడు. ఆమె వెంటనే నా వైపు తిరిగి, గొంతు లేకుండా పెదవులతో ఏదో మాట్లాడింది. వాళ్ళ అమ్మ నేత ఖాతాలో పని చేసిందట. సాంచాల చప్పుడులో మాట వినపడదు గదా, అందుకని లాంకషైర్ మిల్లు ఆడవాళ్ళు పెదవులు పెద్దగా కదిలించి మాట్లాడుకునేవారు. నేను మా ఖాతా సైగలు చూపించాను. పోగు తెగింది, జాబర్ వస్తున్నాడు, టీకి పోదాం. ఆమె నవ్వింది. మీ మిల్లు ఉన్నదా అని అడిగింది. లేదని చెయ్యి ఊపాను. తనూ అట్లాగే ఊపింది.

ఒకప్పుడు లాంకషైర్ బట్ట వచ్చి మన ముత్తాతల మగ్గాలను దెబ్బతీసింది. 1931లో గాంధీగారు లండన్ పోయినప్పుడు లాంకషైర్ మిల్లు ఊళ్ళకు పోయారు. స్వదేశీ వల్ల పని పోయిందని చెప్పుకుంటున్న ఆ కూలీలే ఆయన్ను ఆదరంగా చూశారు. తరువాత వాళ్ళ మిల్లులు పోయాయి. ఆ తరువాత మావీ పోయాయి. ఇవన్నీ ఆ ముసలమ్మకు ఎట్లా చెప్పను? టీ పైసలు నేను ఇచ్చాను.

ఆ రాత్రి దిగిన స్టాండెడ్జ్ దగ్గర, కొండ కడుపులో పడవల సొరంగం ఉన్నది. 1811లో తెరిచారు, పొడవు ఐదు కిలోమీటర్లు. సరుకు పడవలను లోపల మనుషులే నడిపేవారు. పడవ మీద వెల్లకిలా పడుకొని, సొరంగం గోడలను కాళ్ళతో తన్నుకుంటూ. అది తెలిసినాక నా మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడలేదు.

మూడో రోజు బ్లాక్‌స్టోన్ ఎడ్జ్ మీద నుంచి రాచ్‌డేల్ కనిపించింది. 1844లో అక్కడ నేతగాళ్ళు, ఇతర పనివాళ్ళు 28 మంది కలిసి, కల్తీ లేని పిండి, వెన్న, చక్కెర అమ్ముకునే సొంత దుకాణం పెట్టారు. మన సొసైటీలన్నింటికీ ఆ దుకాణమే పెద్దన్న. సాయంత్రానికి హెబ్డెన్ బ్రిడ్జ్‌లో దిగాం. అది ముతక బట్టకు, ప్యాంట్లకు పేరుపడిన ఊరు. మా బిడ్డ కారు తెచ్చి నిలబడి ఉంది. నా బూట్లు చూసి ఏమీ అనలేదు, నీళ్ళ సీసా ఇచ్చింది.

ఇంటికి వచ్చినాక మా బండను కడిగి, రంధ్రంలో ఇన్నేళ్ళ సబ్బు మడ్డి పుల్లతో తీశాను. మా ఆవిడ, “ఇంగ్లండు పోయి వచ్చి ఇదేం పని?” అన్నది.

అక్కడ మిల్లులు పోయినా వాటి నేల మీద జనం నడుస్తున్నారు. ఇక్కడ మన మిల్లు స్థలాల్లో మనం పని చేశామని చెప్పే ఒక్క రాయి కూడా కనబడదు. పెట్టమని అడగాలి. ముప్ఫై ఏళ్ళు పట్టినా అడగాలి. అప్పటిదాకా మీ ఇళ్ళలో మిల్లు బిల్లా, పాస్‌బుక్కు, షటిల్, బండ, ఏది ఉన్నా భంగార్‌కు వేయకండి. నా జోడీదారు కాగితాల సంచి వాళ్ళ కొడుకు దగ్గర ఉన్నది. వచ్చే నెల తారీఖుకు ఇద్దరం కలిసి పోతున్నాం.