అంచనాకు ఆధారం

సాహిత్య విమర్శలో ‘అంచనా’ అనే మాటను మనం ధారాళంగా వాడుతుంటాం. అది ఏ ఆధారాల మీద నిలిచిందో చెప్పే అలవాటు మాత్రం తక్కువ. పత్రికలో వచ్చిన రెండు కవితలు చదివి ఒక కవి మొత్తం కవిత్వం మీద తీర్పు చెప్పిన పొరపాటు నేనూ చేశాను. పల్సార్ల ప్రకాశాన్ని శాస్త్రజ్ఞులు లెక్కకట్టే పద్ధతి తెలుసుకున్నప్పుడు నాకది గుర్తుకొచ్చింది.

పల్సార్ అంటే అతివేగంగా తన చుట్టూ తాను తిరిగే న్యూట్రాన్ నక్షత్రం. వేలా పల్సార్ సెకనుకు సుమారు 11 సార్లు తిరుగుతుంది. 1982లో కనుగొన్న మరొకటి 640 సార్లకు పైగా తిరుగుతుంది. ఇలాంటి నక్షత్రం సెకనుకు ఎంత శక్తిని గామా కిరణాలుగా వెదజల్లుతున్నదన్నది ప్రశ్న.

2008లో ప్రయోగించిన ఫెర్మీ టెలిస్కోపు మనదాకా వచ్చిన కిరణాలను మాత్రమే కొలుస్తుంది. మొత్తం ప్రకాశం తెలియాలంటే ఆ కొలతను దూరం వర్గంతో గుణించాలి. అంతేకాదు, కిరణాలు అన్ని దిక్కులకూ సమంగా పోవు. లైట్‌హౌస్ వెలుగులా పుంజాలుగా తిరుగుతాయి. ఆ పుంజాన్ని మరో వైపునుంచి చూసే వీలు మనకు లేదు. కనుక దాని ఆకృతిని ఊహించి, ఆ ఊహను బాహాటంగా చెప్పి, లెక్క వేస్తారు.

దూరం విషయమూ అంతే. వేలా పల్సార్ సుమారు 1600 కాంతి సంవత్సరాల దూరంలో ఉందని చాలాకాలం భావించారు. భూమి సూర్యుని చుట్టూ తిరిగేటప్పుడు ఆ నక్షత్రం స్థానంలో కనిపించే స్వల్పమైన మార్పును కొలిచి, ఆ దూరం సుమారు 940 మాత్రమేనని 2003లో ప్రకటించారు. నక్షత్రం మారలేదు, అందిన కిరణాలూ మారలేదు. లెక్కలో ప్రకాశం మాత్రం మూడోవంతుకు పడిపోయింది!

ఈ లెక్కను సరిచూసే కొలబద్ద ఒకటుంది. ఈ పల్సార్లకు శక్తినిచ్చేది వాటి భ్రమణమే. అది మందగించే తీరును బట్టి, నక్షత్రం ద్రవ్యరాశి గురించీ పరిమాణం గురించీ మరో ఊహ చేసుకుని, అవి కోల్పోయే మొత్తం శక్తిని గణిస్తారు. గామా ప్రకాశం దాన్ని మించరాదు. కొన్ని పల్సార్ల విషయంలో మించింది. రాబడిని మించిన ఖర్చన్నమాట! అప్పుడు శాస్త్రజ్ఞులు తాము అనుకున్న దూరాన్నీ, పుంజం గురించిన తమ ఊహనూ అనుమానించారు.

విమర్శకుడికి కావలసింది ఈ నిజాయితీయే. రచయిత మనవైపు తిప్పిన వెలుగు ఎంత, మనం నిలబడ్డ దూరమెంత, మిగిలినది మన ఊహ ఎంత? ఈ మూడూ విడివిడిగా చెప్పని తీర్పును అంచనా అనడం సరికాదు. నా పాత వ్యాసం తిరగరాయవలసే ఉంది.